ముప్పై ఏడేళ్లకు మళ్ళీ లెక్కల పరీక్షా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక ఇంగ్లండ్ వచ్చేశాను. ఇప్పుడు నాకు ముప్పై ఏడేళ్లు. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. నర్సింగ్ డిగ్రీ చదవాలని ఆశ. యూనివర్సిటీ వాళ్ళు జీసీఎస్ఈ మ్యాథ్స్‌లో గ్రేడ్ 4 అడుగుతున్నారు. పదో తరగతి లెక్కల్లో నాకు అత్తెసరు మార్కులే. మా పెద్దమ్మాయి వచ్చే ఏడాది ఇదే పరీక్ష రాస్తుంది. కూతురితో పాటు నేనూ రాయాలంటే సిగ్గుగా ఉంది. లెక్కలంటే ఇప్పటికీ గుండె దడే. నావల్ల అవుతుందా?
- ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: అవుతుందమ్మా. అయితే పుస్తకం తెరిచే ముందు ఒక పని చేయండి. మీ పదో తరగతి మార్కుల మెమో స్కాన్ చేసి, చేరాలనుకుంటున్న యూనివర్సిటీల అడ్మిషన్స్ విభాగాలకు ఈమెయిల్ పంపండి. మార్కులు తగినన్ని ఉంటే మన పదో తరగతి లెక్కలనే జీసీఎస్ఈకి సమానంగా తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి. మీ మార్కులతో ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగకుండా ఒక ఏడాది ధారపోయకండి. ఫోన్‌లో చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా జవాబు రాతలో తీసుకోండి.

రాయక తప్పదంటే ఫౌండేషన్ స్థాయి ఎంచుకోండి. అందులో 5 వరకు గ్రేడ్ వస్తుంది, మీకు 4 చాలు. హయ్యర్ స్థాయిలో తక్కువ మార్కులకే 4 వచ్చేస్తుందని ఎవరైనా చెబుతారు. అది నిజమే కానీ, ఆ పేపర్లో చాలా ప్రశ్నలు చేతకాక వదిలేయాల్సి వస్తుంది. దడ ఉన్న మనిషికి పరీక్ష హాల్లో అంతకంటే శిక్ష లేదు.

సాధారణంగా పేపర్లు మూడు, ఒక్కొక్కటి గంటన్నర. ఒక పేపరుకు క్యాలిక్యులేటర్ వాడనివ్వరు. చిన్నప్పుడు వల్లెవేసిన ఎక్కాలు అక్కడ మీకు అక్కరకొస్తాయి. ఫౌండేషన్‌లో సంఖ్యలు, నిష్పత్తి-అనుపాతం కలిపితేనే దాదాపు సగం మార్కులు. కాబట్టి భిన్నాలు, శాతాలు, నిష్పత్తులతో మొదలుపెట్టండి. బీజగణితం ఆ తర్వాత చూద్దురుగాని. 5 మిల్లీలీటర్ల సిరప్‌లో 250 మిల్లీగ్రాముల మందు ఉంటే, 400 మిల్లీగ్రాములు కావాలంటే ఎంత పోయాలి? ఎనిమిది మిల్లీలీటర్లు. నర్సుగా రేపు మీరు చేయాల్సిన లెక్కే ఇది. తప్పితే బాధపడేది రోగి. యూనివర్సిటీ వాళ్ళు లెక్కలు అడగడంలో న్యాయం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక దడ సంగతి. నల్లబల్ల దగ్గర నిలబెట్టి, అందరిముందూ బెత్తంతో కొడితే ఎవరికి మాత్రం లెక్కలు వస్తాయి? మనలో చాలామందికి ఆ భయం అలా అంటుకున్నదే. ఇక్కడి పరీక్షలో చివరి జవాబు తప్పినా, చేసిన పద్ధతి సరైనదైతే చాలా ప్రశ్నల్లో దానికి కొన్ని మార్కులిస్తారు. అందుకే ప్రతి మెట్టూ కాగితం మీద పెట్టండి. మీ పరీక్ష ఏ బోర్డుదో కనుక్కుని, ఆ బోర్డు వెబ్‌సైట్‌లో పాత పేపర్లు, మార్కులు వేసే విధానం దించుకోండి. రెండూ ఉచితమే. మీరు తెలుగు మీడియం అయితే ప్రశ్నలో ఏమడిగారో తెలియకే మార్కులు పోతాయి. ప్రశ్నల్లో వచ్చే ఇంగ్లిష్ పదాలకు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అర్థం కానివి మీ అమ్మాయిని అడగండి. తల్లికి నేర్పితే ఆ పిల్లకీ పాఠం గట్టిపడుతుంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పంతొమ్మిదేళ్లు దాటి, గ్రేడ్ 4 లేనివారికి ఇంగ్లండ్‌లోని స్థానిక కాలేజీల్లో ఈ కోర్సు సాధారణంగా ఉచితం. మీ వీసా, నివాస కాలం బట్టి అర్హత తేలుస్తారు కనుక ముందే అడగండి. సాయంత్రం క్లాసుల్లో మీ ఈడువాళ్ళు ఉంటారు. మే-జూన్‌లో తప్పినా నవంబర్‌లో మళ్ళీ రాయవచ్చు. ఆ ఫలితాలు జనవరిలో వస్తాయి.

ప్రశ్న: లెక్కల్లో జీసీఎస్ఈ బదులు ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ 2 చేస్తే చాలదా? ప్రైమరీ టీచర్ అవ్వాలని ఉంది.
- ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: అది తేలిక, త్వరగా కూడా పూర్తవుతుంది. కొన్ని డిగ్రీలకు చెల్లుతుంది కూడా. టీచర్ శిక్షణకు మాత్రం దాన్ని నమ్ముకుని డబ్బు కట్టకండి. ఇంగ్లండ్‌లో ప్రైమరీ టీచర్ శిక్షణకు లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్ మూడింట్లోనూ జీసీఎస్ఈ గ్రేడ్ 4 గానీ, ఆ స్థాయికి సమానమైనది గానీ అడుగుతారు. మీరు లెక్కల గురించే రాశారు. సైన్స్ సంగతీ ఇప్పుడే కనుక్కోండి.