కంప్యూటర్ చెప్పే టైమ్ కరెక్టేనా?



'నిమిషం ఆలస్యమైనా అనుమతించం' అనే ఎంట్రెన్స్ పరీక్షల నిబంధన మీకు తెలిసిందే. ఆ నిమిషం ఎవరి గడియారం ప్రకారం? ఎనిమిదో తరగతి పిల్లలు మొన్న ల్యాబ్‌లో నన్ను అడిగారు. పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లు రెండు నిమిషాల తేడా చూపిస్తున్నాయి మరి!

చార్మినార్‌కు నాలుగు వైపులా 1889లో గడియారాలు పెట్టారు. తలెత్తి చూస్తే టైమ్ తెలిసిపోతుంది. కంప్యూటర్ మాత్రం ఇంటర్నెట్‌లో టైమ్ సర్వర్‌ని అడగాలి. మన దేశ ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ అణు గడియారాలతో నిర్వహిస్తుంది, నెట్‌లోనూ అందిస్తుంది. చిక్కేమిటంటే, జవాబు మనదాకా వచ్చేలోపే కొంత కాలం గడిచిపోతుంది.

దీనికి అమెరికాలో డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ పద్ధతిని 1985 నుంచి వాడుతున్నారు. లెక్క మన పిల్లలు చేయగలిగిందే. మీ అబ్బాయిని లాడ్ బజార్‌లో ఒక దుకాణానికి పంపారనుకోండి. మీ గడియారంలో 4:00కి బయల్దేరాడు. దుకాణం గడియారంలో 4:08కి చేరాడు, 4:09కి తిరిగి బయల్దేరాడు. మీ గడియారంలో 4:07కి ఇంటికొచ్చాడు. ఇంటినుంచి వెళ్లి వచ్చింది 7 నిమిషాల్లో. అందులో ఒకటి దుకాణంలోనే గడిచింది. నడక 6, అంటే ఒక్కో వైపు 3. కాబట్టి వాడు చేరింది మీ 4:03కి. దుకాణం గడియారం 5 నిమిషాలు ముందుంది.

ఒక పాప వెంటనే లేచి, "టీచర్, రంజాన్ రద్దీలో వెళ్లడానికి 5, రావడానికి 1 నిమిషం పడితే?" అంది. చాలా మంచి ప్రశ్న! అప్పుడు అసలు తేడా 3 నిమిషాలే, మన లెక్క 2 నిమిషాలు తప్పు. నెట్‌వర్క్‌లోనూ అంతే, తేడా నిమిషాల్లో కాక మిల్లీసెకన్లలో ఉంటుంది. అందుకే సర్వర్‌ని పరీక్షించేటప్పుడు చాలాసార్లు అడిగి, రాకపోకలకు అతి తక్కువ సమయం పట్టిన జవాబునే ఎక్కువగా నమ్ముతారు. ఒక్క సర్వర్‌తో సరిపెట్టరు. రెండింటిని అడిగితే, తేడా వచ్చినప్పుడు ఏది తప్పో తెలియదు. కనీసం మూడు ఉండాలి, నాలుగైతే ఇంకా మేలు.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో 'సింక్ నౌ' నొక్కించండి. ముందూ తర్వాతా ఫోన్ టైమ్‌తో పోల్చి, తేడాను సెకన్లలో నోట్‌బుక్‌లో రాయించండి. వారం తర్వాత మళ్లీ చూస్తే కంప్యూటర్ ఎంత జరిగిందో తెలుస్తుంది.

ఇక జేఈఈ మెయిన్ విషయానికొస్తే, స్క్రీన్ మీద కనిపించే కౌంట్‌డౌన్ సర్వర్‌లో సెట్ చేసినదే. లోపల పిల్లలు దాన్నే చూసుకోవాలి. గేటు దగ్గర మాత్రం సెంటర్ వాళ్ల గడియారమే లెక్క. మీ గోడ గడియారాన్ని నమ్మి బయల్దేరకండి.