పడవ ఇంజను బలము తగ్గుట, పిస్టను చెడుట

గోదావరి లంకలయందు సేద్యము చేయు మన సభ్యులకు పడవయే బండి. అరటిగెలలు గాని, కూరగాయలు గాని రేవు దాటినగాని సొమ్ముగా మారవు. గడయు తెడ్డును ఉన్నచోట నేడు పడవ వెనుక తగిలించు చిన్న పెట్రోలు ఇంజను వచ్చినది. నిండు బరువుతో వరదనీట నడియేటనున్నప్పుడు అది నిలిచినచో సరకే కాదు, మనుష్యులును అపాయమున పడుదురు. కావున బలము తగ్గినట్లు తోచిన మొదటి దినముననే కారణము వెదకవలెను.

పిస్టను తనంతట తాను చెడుట అరుదు. మరియొకచోటి లోపమునకు అది బలియగును. ఒక లంకలో ఒకే వేసవిలో ఒకే ఇంజనుకు రెండు పిస్టనులు మార్చిరి. మొదటిది కాలినప్పుడు మెకానిక్కు క్రొత్తది వేసి ఇచ్చెను. అది పక్షము దినములైన నిలువలేదు. తుదకు విప్పి చూడగా, కార్బురేటరులో ఆ సిలిండరునకు పెట్రోలునిచ్చు సన్నని రంధ్రము మడ్డితో సగము మూసికొనియుండెను. దానిని శుభ్రముచేయుట గడియసేపటి పని. ఈలోగా రేవున మురిగిన గెలల మాట వేరుగ చెప్పనేల?

మొదట తప్పు ఇంజనులో ఉన్నదా, వెలుపల ఉన్నదా తేల్చుకొనవలెను. ఇంజను మిక్కిలి వేగముగ తిరుగుచు పడవ మాత్రము కదలకున్నచో, నీటిలోని పంకా నడుమనున్న రబ్బరుబుష్ జారుచున్నదన్నమాట. ఇంజను వేగమే పెరుగక ఈడ్చుచున్నచో, పంకాకు గుఱ్ఱపుడెక్క చుట్టుకొన్నదేమో చూడుడు. పడవ అడుగున నిలిచిన నీరును తోడుడు: 100 లీటర్ల నీరు ఒక క్వింటాలు బరువు. ఇవి సరిగానున్న పిమ్మటనే ఇంజను జోలికి పోవలెను.

ఈ ఇంజనులలో చాలవరకు రెండు స్ట్రోకులవి. వీనికి కందెన నూనె వేరుగ ఉండదు. పెట్రోలులో కలిసియే లోనికి పోవును. ఈ ఒక్క మాట గ్రహించినచో తక్కినదంతయు తేటపడును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. లోపలి వేడిని కొంత తీసికొనిపోవు పనియు పెట్రోలుదే గనుక వేడియు పెరుగును. అల్యూమినియము పిస్టను ఇనుప గోడకంటె ఎక్కువగ ఉబ్బును. అది గోడను ఒరసికొని, కరచుకొని నిలిచిపోవును. కావున బలము తగ్గినప్పుడు పెట్రోలుగొట్టము నడుమనున్న రబ్బరుబుడ్డిని నొక్కి చూడుడు. నొక్కగనే ఇంజను తేరుకొన్నచో పెట్రోలు చాలుటలేదని తెలియవలెను. బుడ్డి చప్పిడియైపోయినచో ట్యాంకు మూతమీది గాలిమర మూసియుండును. అదియు కానిచో గొట్టపు చీలిక, పెట్రోలుపంపులోని పొర, కార్బురేటరు, ఈ వరుసను వెదకుడు.

నూనె పాలు ఇంజనుతో వచ్చిన పుస్తకమున ఉండును. 50కి 1 అన్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అన్నచో 40. కంటికొలత పనికిరాదు. నీటిచే చల్లబడు ఇంజనులకు తగిన టి.సి.డబ్ల్యు.3 నూనెనే పోయవలెను. మరియొక సంగతి. 2025వ సంవత్సరమునాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 వంతులు ఎథనాల్ కలుపుట జరిగినది. అది చెరకు, మొక్కజొన్న, బియ్యమునుండి వచ్చునదే గనుక రైతునకు దానిపై కోపముండనక్కరలేదు. కాని అది నీటిని పీల్చును. డబ్బాలో నెలల తరబడి నిలువయున్నచో నీరును ఎథనాలును కలిసి అడుగునకు దిగును. నూనె మాత్రము పైనున్న పెట్రోలులోనే నిలుచును. ఇంజను మొదట త్రాగునది ఆ నూనెలేని అడుగునీటినే. నిలువ పెట్రోలును వాడకుడు.

ఇక నీటి సంగతి. ఇంజను ప్రక్కనుండి సన్నని నీటిధార చిమ్ముచుండవలెను. అది ఆగినచో తత్క్షణమే ఇంజనును ఆపుడు. గోదావరి ఇసుకనీటికి నీటిపంపులోని రబ్బరు రెక్కలు త్వరగ అరుగును. సముద్రపు పోటు వచ్చు పాయలలో తిరుగువారు ఇంటికి వచ్చిన పిమ్మట మంచినీటితో లోపలి దారులను కడుగవలెను. లేనిచో ఉప్పు పేరుకొని ఆ దారులు మూసికొనును.

ప్లగ్గులు విప్పి చూచుట సులభమైన పరీక్ష. లేత గోధుమవన్నె మంచిది. సున్నమువలె తెల్లనైనచో పెట్రోలు తక్కువై వేడి హెచ్చినదని గుర్తు. నల్లగ తడిసియున్నచో పెట్రోలుగాని నూనెగాని ఎక్కువ, లేదా ఆ ప్లగ్గు మండుటలేదు. పిమ్మట కంప్రెషను గేజితో కొలువవలెను. ప్లగ్గులన్నియు తీసి, వాని తీగలను ఇంజను లోహమునకు తగిలించి, గాలిద్వారము పూర్తిగ తెరచి త్రాటిని అనేకమారులు లాగవలెను. సిలిండర్లమధ్య పదవవంతుకు మించిన తేడా ఉన్నచో రింగులో, పిస్టనో, హెడ్డు క్రింది ప్యాకింగో చెడినదని అనుమానింపవలెను. ఇట్టి గేజి ఒకటి సంఘమున ఉన్నచో అందరికిని చాలును.

పిస్టను చెడియే యున్నచో దానిని పారవేయకుడు. అది సాక్ష్యము చెప్పును. నడినెత్తిన రంధ్రము పడినచో పేలుడు అకాలమున జరిగినది: పెట్రోలు తక్కువ, తగని ప్లగ్గు, లేదా పంకా మిక్కిలి బరువు. పొగ వెలువడు ప్రక్కనే గీతలున్నచో నూనె చాలలేదు. నాలుగు మూలల గీతలున్నచో ఇంజను మొత్తము కాగినది; నీటిపంపును చూడుడు. రింగులు మసితో అతుకుకొన్నచో తగని నూనె, లేదా బహుకాలము మందముగ నడుపుట కారణము.

నడియేట ఇంజను కరచుకొన్నచో త్రాటిని బలముగ లాగకుడు. లంగరు వేసి అరగంట చల్లారనిచ్చి, పిమ్మట చేతితో మెల్లగ త్రిప్పి చూడుడు. తిరిగినను నిండు వేగమున నడుపక దగ్గరి గట్టునకు చేరుడు. క్రొత్త పిస్టను వేసిన తరువాత మొదటి కొన్ని గంటలు సరకు లేకుండ, వేగమును మార్చుచు, పుస్తకమున చెప్పిన హెచ్చు నూనెతో నడుపవలెను.