ఇంజను ఆయువు

పాఠ్యభాగ ఉద్దేశం

యంత్రాన్ని నడపడం నేర్చుకున్నంత శ్రద్ధగా దానిని కాపాడుకోవడం మనం నేర్చుకోవడం లేదు. లారీ ఇంజను ఏ కారణాల వల్ల చెడిపోతుందో, పెద్ద నష్టం వాటిల్లక ముందే దానిని ఏ విధంగా బలపరచుకోవచ్చునో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దాటి నిర్మల్ వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద ముప్కాల్ ఉంది. ఒకప్పుడు బాల్కొండ మండలంలో భాగమైన ఈ గ్రామం 2016లో మండల కేంద్రమైంది. ఈ ప్రాంతపు ప్రధానమైన పంటలలో పసుపు ఒకటి. సంక్రాంతి నాటికి తవ్వకాలు మొదలవుతాయి. కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, బస్తాలకు ఎత్తేసరికి ఎండలు ముదురుతాయి. ఆ బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు, కొన్ని మహారాష్ట్రలోని సాంగ్లీకి తరలిపోతాయి. పంట కదిలే కాలం, ఇంజనుకు కష్టకాలం ఒకటే కావడం ఇక్కడి విశేషం.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. అప్పు చేసి కొన్న ఒకే ఒక లారీ ఆ కుటుంబానికి జీవనాధారం. నిండు బరువుతో అది సాంగ్లీకి బయలుదేరింది. రేడియేటర్ గొట్టానికి సన్నని చీలిక ఉంది. చుక్కలు చుక్కలుగా కారే నీటిని ఎవరూ పట్టించుకోలేదు. నడి ఎండలో, ఎగువ దారిలో ఇంజను వేడెక్కింది. హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నది. పిస్టన్లు లైనర్లను పట్టేశాయి. మేస్త్రీ వచ్చి చూసి, “ఇంజను బోరుకు వచ్చింది” అన్నాడు. మరమ్మతు ఖర్చు ఒక ఎత్తు. ఆగిన కిరాయి, చెల్లించవలసిన వాయిదా, సరుకు చేరక నష్టపోయిన రైతు మరొక ఎత్తు. ఇంతటి అనర్థానికి మూలం ఒక రబ్బరు గొట్టం!

ఈ నష్టం ఎలా సంభవించిందో గ్రహించాలంటే డీజిల్ ఇంజను పనితీరు తెలియాలి. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో దీనిని విజయవంతంగా నడిపి చూపాడు. ఇందులో మంట పుట్టించడానికి స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ బలంగా నొక్కినప్పుడు దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. ఆ గాలిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. అంటే అధిక పీడనం, అధిక ఉష్ణం ఈ యంత్రానికి ప్రాణం. అవి హద్దు మీరినప్పుడు అవే దానికి మృత్యువు. వేడి, దుమ్ము, నీరు, మసి అనే నాలుగు శత్రువుల నుండి ఇంజనును కాపాడుకోవాలి.

మొదటిది వేడి. రేడియేటర్‌లో బోరు నీరు పోయడం చాలామందికి అలవాటు. ఆ నీటిలోని లవణాలు లోపల పొరలుగా పేరుకొని వేడిని బయటకు పోనీయవు. లవణాలు తొలగించిన నీటిలో కూలెంటు కలిపి పోయాలి. లైనరు కంపించినప్పుడు దాని వెలుపలి గోడపై బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని గుంటలు పడేటట్లు తినివేస్తాయి. తగిన కూలెంటు ఆ గోడపై రక్షణ పొరగా నిలుస్తుంది. మరొక సూక్ష్మం ఉంది. నీరు పూర్తిగా పోయినప్పుడు ఉష్ణోగ్రతను కొలిచే పరికరం నీటిలో మునిగి ఉండదు. అప్పుడు ముల్లు తక్కువ వేడిని చూపి డ్రైవరును మోసగించవచ్చు. అందువల్ల నీటి మట్టం తగ్గగానే మోగే హెచ్చరిక గంటను అమర్చుకోవడం మంచి నివారణోపాయం.

రెండవది దుమ్ము. కల్లాల దగ్గర, మట్టి దారులలో తిరిగే లారీకి ఇది నిత్యశత్రువు. ఎయిర్ ఫిల్టరు తరువాత గొట్టం చిరిగితే ఇసుక రేణువులు నేరుగా సిలిండరులోకి చేరి రింగులను, లైనర్లను అరగదీస్తాయి. క్లిప్పులు బిగించడం, పాతబడిన గొట్టాలను ముందుగానే మార్చడం, ఫిల్టరు మూసుకుపోయినట్లు తెలిపే సూచికను అమర్చడం అవసరం.

మూడవది డీజిల్‌లోని నీరు. నేటి ఇంజన్లలో డీజిల్‌ను 1600 బార్‌కు పైబడిన పీడనంతో చిమ్ముతారు. ఆ సున్నితమైన ఇంజెక్టర్లకు నీటిబొట్టు, తుప్పు రేణువు ప్రాణాంతకాలు. అదనంగా నీటిని వేరుచేసే ఫిల్టరును అమర్చి, దాని అడుగున ఉన్న మర ద్వారా చేరిన నీటిని తరచుగా వదిలివేయాలి.

నాలుగవది నూనెలో చేరే మసి. ఇంజను ఆయిల్ అంతా ప్రధాన ఫిల్టరు గుండా వేగంగా పోవాలి కనుక అది అతి సన్నని రేణువులను ఆపలేదు. కొద్దిపాటి నూనెను మెల్లగా వడకట్టే బైపాస్ ఫిల్టరు ఆ లోటును తీరుస్తుంది. అయినా గడువు రాగానే నూనెను మార్చడం మానరాదు. నూనె పాలరంగుకు తిరిగితే అందులో నీరు కలిసిందని గ్రహించి, ఇంజనును వెంటనే ఆపాలి.

పరికరాలు ఎన్ని ఉన్నా మనిషి మెలకువకు అవి ప్రత్యామ్నాయం కావు. ఎక్కువ బరువుతో వచ్చి ఆగిన బండిని రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి ఆపితే టర్బో చల్లబడుతుంది. కాగిన ఇంజనులో చన్నీరు పోస్తే సిలిండర్ హెడ్ పగలవచ్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరిస్తే మనిషే కాలిపోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల వాహనాలలో తయారీదారు చెప్పిన నూనెనే వాడాలి. పొగను శుద్ధిచేసే భాగాలను తొలగించడం, శక్తి పెంచాలని ఇంజను అమరికలను మార్చడం అభివృద్ధి కాదు. అవి చేటును కొని తెచ్చుకోవడమే.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. పసుపు తవ్వకముందే, చలికాలంలోనే గొట్టాలు, బెల్టులు, ఫిల్టర్లు, రేడియేటర్ పరీక్షించుకున్న యజమాని వేసవిలో నిశ్చింతగా బండి కట్టగలడు. గొట్టం ఖరీదు స్వల్పం. దానిని సకాలంలో చూసిన చూపు విలువ మాత్రం ఒక కుటుంబపు బ్రతుకంత.

కఠిన పదాలకు అర్థాలు

వాటిల్లు = కలుగు, సంభవించు
అనర్థం = కీడు, నష్టం
పీడనం = ఒత్తిడి
రేణువు = సన్నని కణం
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా నిలిచేది
నిశ్చింత = చింత లేకపోవడం

సంధులు

జీవనాధారం = జీవన + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
నివారణోపాయం = నివారణ + ఉపాయం – గుణ సంధి

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్న
1. డీజిల్ ఇంజనుకు గల నలుగురు శత్రువులను, వాటి నుండి రక్షించుకొనే మార్గాలను వివరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. “ఇంతటి అనర్థానికి మూలం ఒక రబ్బరు గొట్టం” – ఈ వాక్యాన్ని సమర్థించండి.
2. ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఎప్పుడు మోసగించవచ్చు? ఎందుకు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును ఏ నగరంలో విజయవంతంగా నడిపాడు?
2. ఇంజను ఆయిల్ పాలరంగుకు తిరగడం దేనికి సూచన?