లోపం పెన్‌డ్రైవ్‌ది కాదు

ప్రశ్న: ఇంటెల్ ఆటమ్ జడ్3735ఎఫ్ ప్రాసెసర్ ఉన్న పాత విండోస్ 8.1 ట్యాబ్లెట్‌ను లినక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేద్దామంటే బూట్ మెనూలో దాని పేరే రావడం లేదు. అదే పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. ఎందుకని?

జవాబు: ల్యాప్‌టాప్‌లో నడుస్తోందంటే పెన్‌డ్రైవ్ బాగానే ఉన్నట్టు. ట్యాబ్లెట్‌లోని విండోస్‌లో అది తెరుచుకుంటే, దాన్ని తగిలించే ఓటీజీ కేబుల్‌నూ అనుమానించక్కర్లేదు. ఇక మిగిలింది ఫర్మ్‌వేర్. ఈ తరం చవక ట్యాబ్లెట్లలో చాలావాటికి ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్‌ది పెట్టారు. అప్పట్లో వాటితో వచ్చిన విండోస్ కూడా 32 బిట్‌దే. అలాంటి ఫర్మ్‌వేర్ పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లో, బూట్ అనే లోపలి ఫోల్డర్‌లో, ‘బూట్‌ఐఏ32.ఈఎఫ్‌ఐ’ అనే ఫైలు కోసం చూస్తుంది. మీ దాంట్లో ‘బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ’ ఒక్కటే ఉండి ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు కావాల్సింది అదే కాబట్టి అక్కడ పేచీ రాలేదు.

సెక్యూర్ బూట్ ఆపేస్తే సరిపోదా అని అడగొచ్చు. ఆపడం అవసరం కావచ్చు, కానీ లేని ఫైలును అది పుట్టించదు. ప్రాసెసర్ 64 బిట్‌ది కదా అన్న వాదన కూడా ఇక్కడ చెల్లదు: మొదటి అడుగు వేయించేది ఫర్మ్‌వేరే, ప్రాసెసర్ సత్తా ఆ తర్వాతి సంగతి. 2015లో వచ్చిన డెబియన్ 8 మల్టీ ఆర్చ్ ఇమేజ్ ఈ చిక్కును దృష్టిలో పెట్టుకునే తయారైంది. డెబియన్‌లో 32 బిట్ యూఈఎఫ్‌ఐకి పనికొచ్చే ఇమేజ్‌నే ఎంచుకోండి. ట్యాబ్లెట్‌కు ఉన్న ఒక్క పోర్టుకే పెన్‌డ్రైవ్, కీబోర్డ్ రెండూ తగిలించాలంటే యూఎస్‌బీ హబ్ కావాలి. బ్యాటరీ ముందే నిండుగా చార్జ్ చేసుకోండి.