ఉద్దానం నుంచి స్పానిష్ సాహిత్యానికి

మెక్సికోలో జీడిపప్పును 'నువెస్ దె లా ఇందియా' అంటారు, అంటే ఇండియా గింజ. జీడిమామిడి పుట్టిల్లు బ్రెజిల్. పోర్చుగీసువాళ్లు దాన్ని మన దేశానికి తెచ్చారు. పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కలు వలిచే అమ్మల పిల్లలకు ఈ ముక్క తెలియాలి. స్పానిష్ భాషా, అది మాట్లాడే దేశాలూ మనం అనుకునేంత పరాయివి కావు.

స్పానిష్ సాహిత్యంలో ప్రొఫెసర్ కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఫర్వాలేదు. హైదరాబాద్‌లో ఇఫ్లూ, ఢిల్లీలో జేఎన్‌యూ విశ్వవిద్యాలయాలు బీఏ ఆనర్స్‌లో స్పానిష్‌ను అక్షరాల నుంచి నేర్పుతాయి. జేఎన్‌యూ బీఏ సీటు సీయూఈటీ ప్రవేశ పరీక్షతో వస్తుంది. తర్వాత ఎంఏ, యూజీసీ నెట్, పీహెచ్‌డీ. నెట్‌లో స్పానిష్ ప్రత్యేక సబ్జెక్టుగా ఉంది. జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది. అన్నీ కలిపి దాదాపు పదేళ్ల చదువు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. పోస్టులు తక్కువన్నదీ దాచకండి. అనువాదం, కంపెనీల్లో భాషా ఉద్యోగాలు చేస్తూ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉంటారు.

భాష గురించి భయం వద్దు. 'వస్తాను' అంటే వచ్చేది నేనేనని క్రియే చెబుతుంది కదా, స్పానిష్‌లోనూ అంతే. వాళ్ల త, ద దాదాపు మన త, ద లాగే పళ్లకు నాలుక ఆనించి పలుకుతారు. 'గుర్రం'లో ర్ర పలికే నోటికి వాళ్ల జంట ర కష్టం కాదు. ఇంగ్లిష్ ఉచ్చారణ అలవాటుతో ట, డ పలికేవాళ్లు తడబడే చోట మీరు తేలిగ్గా దాటుతారు.

అసలు కష్టం పరిశోధనాంశం ఎంచుకోవడంలో ఉంది. స్పానిష్ మహారచయిత సెర్వాంతెస్ మీద ఇప్పటికే గ్రంథాలయాలకు గ్రంథాలయాలు ఉన్నాయి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో పెరిగిన పిల్లకు మాత్రం ఢిల్లీ పిల్లకు తట్టని ప్రశ్న తడుతుంది. మన ఉద్దానంలో లాగే నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఉంది. నికరాగ్వాలో చిచిగాల్పా దగ్గర మగవాళ్లు వరసగా చనిపోయిన ఒక ఊరిని వితంతువుల దీవి అని పిలుస్తారు. ఆ మాట చదివితే మన ఊళ్లలో వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కు బయల్దేరే మనుషులు కళ్ల ముందుకొస్తారు.

ఇలాంటి బాధలను నమోదు చేయడానికి లాటిన్ అమెరికాలో 'తెస్తిమోనియో' అనే సాహిత్య ప్రక్రియ ఉంది. కష్టం పడిన మనిషి తన నోటితో చెప్పిందే పుస్తకం అవుతుంది. గ్వాటెమాలా ఆదివాసీ మహిళ రిగోబెర్తా మెంచూ చెప్పిన కథ 1983లో అలాగే అచ్చయింది. ఆమెకు 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పుస్తకాలను స్పానిష్‌లోనే చదివి, ఉద్దానం రోగుల మాటలను వాటి పక్కన పెట్టి చూసే పరిశోధన చేయగలిగింది ఇక్కడి బిడ్డే. అందుకు మన యాస తెలియాలి, ఆ భాషా రావాలి. ఇలాంటి పని మన జిల్లా నుంచి రావాలని నా బలమైన కోరిక.

పలాస, టెక్కలి కాలేజీల్లో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నవాళ్లు ఈసారి సీయూఈటీ దరఖాస్తు తేదీ చూసుకోండి. ఇంజనీరింగ్ ఫారంతో పాటు అదీ నింపండి.