పద్దు మారితే జాడ మిగలాలి

దుకాణంలో కంప్యూటర్ ఉంటే లెక్కల వ్యవస్థ ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. వ్యవస్థ బిల్లు దగ్గరే మొదలవుతుంది. బిల్లుకు వరుస సంఖ్య, దాన్నిబట్టి వోచరు, అక్కడి నుంచి లెడ్జరు, చివర ట్రయల్ బ్యాలెన్స్. అది సరిపోయిందని నిశ్చింతగా ఉండలేం. అసలు రాయని అమ్మకం ఏ వైపునా కనిపించదు. అందుకే నగదు తీసుకునేవారే పద్దు రాయకూడదంటాం. చిన్న కొట్లో ఇద్దరు మనుషులు ఎక్కడ దొరుకుతారు? యజమానే రాత్రి గల్లా లెక్కపెట్టి బిల్లులతో సరిచూసుకోవాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి. ఆ నమోదును ఆపే వీలుండకూడదు. భాగస్వామ్య సంస్థలకు ఈ నిబంధన వర్తించదు. అయినా అన్నదమ్ముల ఉమ్మడి కొట్లోనూ పెట్టుకోమంటాం. ఎవరి పాస్‌వర్డ్ వారికుంటే, పంపకాల నాడు పాత పద్దు ఎవరు మార్చారో తెలుస్తుంది.