ఆటిజం ఉన్న పిల్లలు: పద్దెనిమిదేళ్లు నిండాక

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) పేరు చెప్పగానే మనలో చాలామందికి 'అబస' సూరా గుర్తొస్తుంది. అది అవతరించిన సందర్భం మన ఉపన్యాసాల్లో తరచూ వింటాం. ఆ తర్వాతి సంగతి తక్కువగా వింటాం. చూపు లేని ఆ సహాబీకి దైవప్రవక్త (స) మదీనాలో ఫజర్ అజాన్ బాధ్యత అప్పగించారు. రమజానులో బిలాల్ (రజి) అజాన్ విన్నాక కూడా తినవచ్చు, తాగవచ్చు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ వినగానే ఆపాలి. అంటే ఊరంతా సహరీ ముగించేది ఆయన గొంతు విని. మరి తెల్లవారిందని ఆయనకు ఎలా తెలుస్తుంది? 'తెల్లవారింది, తెల్లవారింది' అని పక్కవాళ్లు చెప్పాకే ఆయన అజాన్ పలికేవారని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఈ ఉదంతంలోనే ఉంది. ఆయనకిచ్చింది ఊరికే కూర్చోబెట్టి చేయించే పని కాదు, నలుగురూ ఆధారపడే పని. ఎక్కడ ఆయనకు అడ్డం వచ్చిందో అక్కడ మాత్రమే ఒక మాట సాయం చేశారు. ఆయన బదులు ఎవరూ అజాన్ ఇవ్వలేదు.

మన సొసైటీ దాతలు చిన్నపిల్లల ప్రత్యేక పాఠశాల ఫీజులకూ, స్పీచ్ థెరపీకీ మనసారా ఇస్తారు. పిల్లవాడికి పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ ధార సన్నబడుతుంది. బుగ్గలున్న పసివాడి ఫొటో చూసి ముందుకొచ్చే చెయ్యి, మీసాలొచ్చిన కుర్రాడి ఫొటో చూసి వెనకాడుతుంది. నిజానికి ఆ వయసు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న నాలుగేళ్లే అతని మిగతా జీవితానికి కీలకం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఆ చట్టం ఇచ్చిన హక్కు. పద్దెనిమిది దాటిన మర్నాడు బడి ఉండదు. అమ్మీ ఉంటుంది, టీవీ ఉంటుంది, నాలుగు గోడలుంటాయి.

ఆటిజం గురించి రెండు మాటలు. ఇది పుట్టుకతో వచ్చే మెదడు ఎదుగుదల తేడా. అంటువ్యాధి కాదు, తల్లి పెంపకంలో లోపం కాదు. కొందరు ధారాళంగా మాట్లాడతారు, కొందరికి మాటే రాదు. కొందరికి మేధో వైకల్యం కూడా ఉంటుంది, కొందరికి ఉండదు. చాలామందికి ఎదుటివారి ముఖం చూసి మనసు చదవడం కష్టం. మిక్సీ మోత, లౌడ్‌స్పీకర్, కొత్త చొక్కా మెడ దగ్గరి లేబుల్ కూడా భరించలేనంత బాధ పెట్టవచ్చు. రోజూ జరిగేది రోజూ అలాగే జరిగితే వాళ్లకు నెమ్మది.

వుజూ నుంచే మొదలు

స్వతంత్ర జీవనం అనగానే మన తల్లిదండ్రులు ఉద్యోగం గురించి అడుగుతారు. దానికి ముందు స్నానం, గడ్డం, బట్టలు, బాత్‌రూం తలుపు గడియ ఉన్నాయి. పనిలోంచి కుర్రాళ్లను పంపించేసేది పని రాక కంటే ఇలాంటివాటి వల్లే ఎక్కువ.

ఒక పనిని మెట్లు మెట్లుగా విడదీసి నేర్పడం శిక్షకులు వాడే ప్రధాన పద్ధతి. దానికి మన ఇళ్లలో వుజూకు మించిన ఉదాహరణ లేదు. ఏది ముందో ఏది తర్వాతో ఖాయం, ఎన్నిసార్లో ఖాయం, రోజుకు ఐదుసార్లు అభ్యాసం. కుళాయి తిప్పడం, మణికట్టు వరకు చేతులు, పుక్కిలించడం, ముక్కు, ముఖం, మోచేతుల వరకు చేతులు, తలకు మసహ్, కాళ్లు, కుళాయి కట్టేయడం. ఒక్కో మెట్టుకు ఒక్కో ఫొటో తీసి వరసగా గోడకు అతికించాలి. కొందరు కడుక్కోవడం మొదలుపెడితే ఆపలేరు; వాళ్ల కోసం గట్టు మీద మూడు చింతగింజలు పెట్టి, కడిగినప్పుడల్లా ఒకటి పక్కకు జరపమనాలి. గింజలైపోతే ఆ మెట్టు అయిపోయినట్టే.

నేర్పడం మాత్రం చివరి నుంచి మొదలుపెట్టడం మేలు. అన్నీ మనం చెయ్యి పట్టుకుని చేయించి, ఆఖరున ఎడమ కాలు ఒక్కటీ అతనికి వదిలేయాలి. అది వచ్చాక రెండు కాళ్లూ. అలా వెనక్కి జరుగుతూ పోతే ప్రతిసారీ పని అతని చేతుల మీదుగానే పూర్తవుతుంది. ముందు నుంచి నేర్పితే మధ్యలో ఎక్కడో విసుగు పుట్టి వదిలేస్తాడు.

ఇక్కడ తల్లులు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. చెయ్యి పట్టుకుని చేయించడం మానేయడం తేలిక, నోటితో చెప్పడం మానేయడం కష్టం. 'ఇక కాళ్లు కడుక్కో బేటా' అని రోజూ అంటుంటే, ఆ మాట కూడా వుజూలో ఒక మెట్టయిపోతుంది. అమ్మీ అనేదాకా కుర్రాడు కాళ్లు చూసుకుంటూ నిలబడతాడు. అమ్మీ లేని రోజు? అందుకే మాట బదులు ఫొటో వైపు వేలు చూపాలి. తర్వాత వేలు కూడా చూపకుండా పది లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఆగడం తల్లి మనసుకు కష్టమే. కానీ నేర్పడంలో సగం పని ఆ ఆగడమే.

'వాడి మీద కలం ఎత్తేశారు కదా, నమాజు లేకపోయినా ఫరవాలేదు కదా, ఎందుకీ శ్రమ' అనే పెద్దలున్నారు. ఎవరి మీద ఏది విధి అన్నది ఉలమా తేల్చవలసిన మాట. అయితే ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం, నలుగురితో వరసలో నిలబడటం నేర్చుకున్న కుర్రాడు దుకాణంలోనూ నిలబడగలడు. జుమా రద్దీ, లౌడ్‌స్పీకర్ మోత పడని పిల్లలను జుహర్ వేళ, వెనక వరసలో, తలుపు దగ్గర నిలబెట్టి అలవాటు చేయవచ్చు. రమజాను వస్తే ఇంటి వేళలన్నీ తలకిందులవుతాయి కాబట్టి రెండు వారాల ముందే క్యాలెండరులో బొమ్మలతో చూపాలి.

ఎదిగే వయసు

దీన్ని దాటేయడం మన ఇళ్లలో అలవాటు, కానీ దాటేస్తే ప్రమాదం. ఎనిమిదేళ్లప్పుడు వచ్చినవాళ్లందరినీ వాటేసుకుంటే ముద్దు చేశాం. పదహారేళ్లప్పుడు అదే చేస్తే జనం కొడతారు. సలాం చేసి చెయ్యి కలపడం చాలని చిన్నప్పుడే నేర్పి ఉంటే ఆ దెబ్బలు తప్పుతాయి. గుసుల్, అబ్బాయికి గడ్డం గీసుకోవడం, అమ్మాయికి నెలసరి ప్యాడ్ మార్చుకోవడం, గది తలుపు వేసుకుని బట్టలు మార్చుకోవడం, ఇవన్నీ వుజూలాగే మెట్లుగా నేర్పాలి. అన్నిటికంటే ముఖ్యం 'వద్దు' అనడం. పెద్దలేం చెప్పినా తలూపాలని పెంచిన పిల్ల, చెడ్డవాడు చెప్పినా తలూపుతుంది. మాట రాని పిల్లకు కనీసం చెయ్యి అడ్డంపెట్టడం, అక్కడి నుంచి వచ్చేయడం నేర్పాలి. అమ్మాయిలను 'ఇంట్లోనే ఉంటుందిగా' అని శిక్షణ మాన్పించడం చూస్తున్నాం. వాళ్లకే శిక్షణ ముందు కావాలి.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న మాట గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. ఆటిజం పెళ్లితో పోదు. విషయం దాచి నిఖా చేస్తే అవతలి అమ్మాయికి అన్యాయం, మన పిల్లవాడికీ అన్యాయం. అన్నీ తెలిసి, ఇష్టపడి చేసుకుంటే అది వేరు.

డబ్బు, బస్సు

లెక్కలు రాకపోయినా కొనుక్కోవడం నేర్పవచ్చు. పది రూపాయల నోట్లు ఇచ్చి, ధరలో ఎన్ని పదులున్నాయో అన్ని నోట్లు పెట్టి పైన ఇంకొకటి పెట్టమంటారు. బిస్కెట్ ప్యాకెట్ 43 అయితే నాలుగు నోట్లు, పైన ఒకటి. చిల్లర తీసుకుని జేబులో వేసుకోవడమే. ఫోనుతో చెల్లించడం చాలామందికి ఇంకా తేలిక. అయితే ఆ ఖాతాలో కొద్ది సొమ్మే ఉంచాలి, పిన్ ఎవరికీ చెప్పకూడదన్నది వందసార్లు అభ్యాసం చేయించాలి.

బస్సు ప్రయాణానికి శిక్షకుడు మొదట పక్క సీట్లో, కొన్నాళ్లకు వెనక సీట్లో కూర్చుంటాడు, ఆ తర్వాత దిగే స్టాపులో ఎదురుచూస్తాడు. బస్సు రాని రోజు ఏం చేయాలి, స్టాపు దాటిపోతే ఎవరిని అడగాలి అన్నవి కావాలని కల్పించి మరీ నేర్పాలి. మామూలు రోజు వెళ్లడం పిల్లలకు త్వరగానే వస్తుంది.

ఏ పని, ఎవరి దుకాణంలో

ఆటిజం ఉన్నవాళ్లంతా కంప్యూటర్ మేధావులన్న సినిమా ఊహ ఒకవైపు, కొవ్వొత్తులూ కాగితం సంచులూ తప్ప ఏమీ చేయలేరన్న నిరాశ మరోవైపు. రెండూ తప్పే. కుర్రాడు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. డబ్బాలు వరసగా పేర్చేవాడికి కిరాణా గోడౌన్ ఉంది. రంగులూ నమూనాలూ తప్పకుండా పట్టుకునే పిల్లకు లాడ్ బజార్ లక్క గాజుల మీద రాళ్లు పొదిగే పని లాంటిది నప్పవచ్చు. బేకరీలో ఉస్మానియా బిస్కెట్లు లెక్కపెట్టి ప్యాక్ చేయడం, ఇస్త్రీ, జిరాక్సు, బైండింగు, మొక్కల నర్సరీ, మస్జిదు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, ఆఫీసులో డేటా ఎంట్రీ, ఇవన్నీ పరిశీలించదగ్గవే. ఘాటుకూ, దుమ్ముకూ, అరుపులకూ తట్టుకోలేని కుర్రాడిని మిర్చి యార్డుకు పంపితే పని తెలిసినా నిలవడు.

యజమానులకు చెప్పవలసింది కొద్దిగానే ఉంది. రోజూ అదే బల్ల, అదే మేస్త్రీ. పూర్తయిన ప్యాకెట్ ఎలా ఉండాలో ఎదురుగా ఒక నమూనా. మార్పు ఉంటే ముందురోజే చెప్పడం. మాట సూటిగా ఉండాలి. 'కాసేపు దుకాణం చూస్తుండు' అని వెళితే, అతను నిజంగానే దుకాణాన్ని చూస్తూ నిలబడతాడు. గిరాకీ వచ్చి వెళ్లిపోతుంది. 'ఎవరైనా వస్తే రఫీక్ భాయ్‌ని పిలువు' అంటే పిలుస్తాడు. ఇంకొకటి, చాలామంది ఊహించనిది: పనివేళ కంటే చాయ్ వేళే వాళ్లకు కష్టం. పనిలో ఏం చేయాలో తెలుసు. చాయ్ దగ్గర నలుగురి ముచ్చట్ల మధ్య ఏం చేయాలో తెలియదు. పక్కన కూర్చునే ఒక తోటి పనివాడిని ఏర్పాటు చేస్తే చాలు, లేదా విడిగా కూర్చోనివ్వాలి.

జీతం సవాబు లెక్కన ఇవ్వవద్దు. మిగతావాళ్లకు ఏ పనికి ఎంత ఇస్తారో ఆ లెక్కన అతని చేతికి, లేదా అతని ఖాతాకు ఇవ్వండి. పని కుదరకపోతే మానిపించే హక్కూ మీకుంటుంది. శిక్షణ సంస్థ మరో చోటు చూస్తుంది.

కాగితాలు

ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు ఉన్న 4 శాతంలో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కలిపి కేటాయించారు. ఆ దారిన వెళ్లగలిగేవారు కొద్దిమందే అయినా, సర్టిఫికెటూ యూడీఐడీ కార్డూ అందరికీ కావాలి. పింఛనుకూ, బస్ పాసుకూ, నేషనల్ ట్రస్టు వారి లక్ష రూపాయల వరకు ఉన్న నిరామయ ఆరోగ్య బీమాకూ అవే ఆధారం. శిక్షణ, సామర్థ్య పరీక్షల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మన రెండు రాష్ట్రాలవాళ్లకూ దగ్గరే.

పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో తమంతట తాము సంరక్షకులు కారు. నిజంగా అవసరమున్న పిల్లల విషయంలో 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, జిల్లా కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. వారసత్వంలో అతని వాటా అతనిదే. 'వాడికెందుకు ఆస్తి, మేం చూసుకుంటాంగా' అని అన్నదమ్ములు రాయించుకోవడం షరీఅత్‌లో లేదు. నిసా సూరా మొదట్లోనే, సొమ్ము నిర్వహించలేనివారి ఆస్తి నుంచి వారికి తిండీ బట్టా ఇచ్చి మంచిగా మాట్లాడమనీ, అనాథలు వయసుకొస్తుండగా వారిని పరీక్షించి, తెలివిడి కనిపిస్తే వారి ఆస్తి వారికి అప్పగించమనీ ఆదేశం ఉంది. ఆ పరీక్షించడం అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. అవకాశం ఇచ్చి చూడకుండా అసమర్థుడని తేల్చవద్దనేగా!

దాతలు దేనికి ఇవ్వాలి

కుట్టుమిషన్ ఇస్తే ఫొటో బాగుంటుంది. గది కట్టిస్తే పేరు చెక్కవచ్చు. ఈ పనిలో అసలు ఖర్చు కంటికి కనబడదు: పనిచోట కుర్రాడి పక్కన నిలబడి, మెల్లమెల్లగా తప్పుకునే శిక్షకుడి జీతం. మొదటి నెలల్లో పూటంతా, తర్వాత వారానికి రెండుసార్లు, ఆపైన నెలకోసారి. రెండేళ్లు పట్టవచ్చు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ హక్కుదారుడి యాజమాన్యంలోకి వెళ్లాలి కాబట్టి ఈ జీతాలకు దాన్ని వాడలేమని ఉలమా చెబుతారు. పేద కుర్రాడి స్టైపెండు, బస్ ఖర్చు, పనిముట్లు జకాత్‌లోంచి ఇవ్వవచ్చు. శిక్షకుడి జీతం నఫిల్ సదఖా నుంచి, షరతులు లేని చందాల నుంచి రావాలి. అందువల్ల చందా రాసేటప్పుడు ఏ ఖాతాకో విడిగా తెలపండి. సభల్లో ఈ పిల్లలను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ఫ్లాష్ కొట్టమని కోరకండి.

దుకాణమో, కార్ఖానానో ఉన్నవారు డబ్బుతో పాటు రోజుకు రెండు గంటల చోటు కూడా ఇవ్వవచ్చు. మూడు నెలల ప్రయత్నం, శిక్షకుడు వెంట ఉంటాడు. రమజానులో, పెళ్లిళ్ల సీజనులో మొదలుపెట్టవద్దు. గిరాకీ తక్కువగా ఉండే ముహర్రం, సఫర్ నెలలు మేలు. మొదటి రోజు రాకముందే కుర్రాడు ఒకసారి వచ్చి, దుకాణం మూసి ఉన్నప్పుడు లోపల తిరిగి, తను కూర్చునే బల్లా, బాత్‌రూమూ చూసుకుని వెళ్తాడు. ఆ అరగంట కోసం తాళం తీసిపెట్టండి.